కోనసీమలో సైకిలు యాత్ర: రహదారి వదిలి పంట కాలువ గట్టు పట్టండి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరూ మీ అమ్మాయీ డిసెంబరు చివరి వారంలో రాజమహేంద్రవరంలో రైలు దిగి, సైకిళ్ల మీద కోనసీమ దాటి నరసాపురం చేరాలనుకుంటున్నారు. రావులపాలెం దాకా 16వ నంబరు జాతీయ రహదారి, అమలాపురం నుంచి 216వ నంబరు రహదారి, రోజుకు 80 కిలోమీటర్ల చొప్పున రెండు రోజులు. నేల చదునే కాబట్టి అలసట ఉండదని మీ లెక్క. గేర్ల సైకిళ్లు కొనాలా, ఎక్కడ బస చేయాలి, దారి క్షేమమేనా అని అడిగారు.

నేను ఈ గోదావరి డెల్టాలో పుట్టి, సైకిలు మీదే బడికీ పనికీ తిరిగి, ఇప్పటికీ ఏటా చలికాలంలో ఈ దారులు తొక్కుతున్నవాణ్ణి. నా సలహా ముందే చెప్పేస్తాను: రెండు రోజుల్ని నాలుగు చేయండి. రహదారి వదిలేసి పంట కాలువ గట్టు పట్టండి. సైకిలు సంగతి ఆ తరవాత చూద్దాం, బహుశా కొత్తది కొననక్కరలేదు.

మొదట ఆ 80 కిలోమీటర్ల సంగతి. చదును నేల మీద తొక్కడం తేలికని బయటివారు అందరూ అనుకుంటారు. కొండదారిలో ఎక్కేటప్పుడు కష్టపడ్డా దిగేటప్పుడు కాళ్లకూ నడుముకూ విశ్రాంతి దొరుకుతుంది. ఇక్కడ ఆ దిగుడే లేదు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల వాలు కంటికి ఆననంత స్వల్పం. గంటల తరబడి ఒకే భంగిమలో, ఒకే వేగంతో తొక్కుతూనే ఉండాలి. అందుకే తొడలు అలిసేలోపే పిర్రలు, మణికట్లు, మెడ నొప్పి పెడతాయి. అలవాటు లేనివారికి హాయిగా ఉండే వేగం గంటకు 12 కిలోమీటర్లు. రోజుకు 35 నుంచి 40 కిలోమీటర్లంటే తొక్కేది మూడు గంటలు, మూడున్నర గంటలు. మిగతా పొద్దంతా ఆగడానికీ, చూడడానికీ, తినడానికీ ఉంటుంది. అలసట తెలియకపోయినా ముప్పావు గంటకొకసారి దిగి నాలుగు అడుగులు నడవండి. సీటు ఎత్తు చాలామంది తక్కువ పెట్టుకుంటారు, మోకాళ్లు పట్టేసేది అందుకే. పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా చాపుకోవాలి. అదే సరైన ఎత్తు.

కొండలు లేని చోట కొండ పని గాలి చేస్తుంది. ఎదురుగాలిలో పది కిలోమీటర్లంటే మామూలు ఇరవైతో సమానం. డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయంపూట గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి మెల్లగా వీస్తుంది. మీరు వెళ్లేది దక్షిణానికీ నైరుతికీ కాబట్టి అది మీకు వెనకగాలి. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం వైపునుంచి గాలి లేస్తుంది. తీరానికి దగ్గరయ్యేకొద్దీ ఇది బలంగా తెలుస్తుంది. అందుకే సముద్రం వైపు వెళ్లే దారంతా పదకొండు గంటల లోపు ముగించుకోండి. ఫిబ్రవరి దాటి దక్షిణం నుంచి వీచే పైరగాలి మొదలైతే ఇదే యాత్రను తలకిందులు చేసి, నరసాపురంలో మొదలుపెట్టి ధవళేశ్వరం వైపు రావడం మంచిది.

ఇక అసలు విషయం, దారి. ఈ డెల్టాలో దారి ఎంచుకోవాలంటే నీళ్లు ఎలా పారుతున్నాయో తెలియాలి. గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. ఆ రెండింటి నడుమ ఉన్నదే కోనసీమ. వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ చీలి కోనసీమలో పడమటి భాగాన్ని వేరు చేస్తుంది. వరదలొచ్చినప్పుడల్లా ఏరు తన ఒడ్డున ఒండ్రు వేసుకుంటూ పోతుంది కాబట్టి ఏటి పక్క నేల మెరకగా, దూరం వెళ్లేకొద్దీ పల్లంగా ఉంటుంది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పుడు కాలువలను ఆ మెరక వెంటే నడిపించారు. నీరు మెరక మీద పారితేనే కదా అటూ ఇటూ పొలాలకు తనంతట తాను దిగుతుంది. పొలాల్లో మిగిలిన నీటిని పల్లం వెంట సముద్రానికి పంపేవి మురుగు కాలువలు. అమలాపురం ప్రాంతపు కౌశిక అటువంటిదే.

సైకిలు మీద వెళ్లేవారికి ఇందులో గొప్ప సదుపాయం ఉంది. పంట కాలువ మెరక మీద పోతుంది కాబట్టి దాని గట్టు నీట మునగదు. ఊళ్లూ, గుళ్లూ, బడులూ, టీ కొట్లూ అన్నీ దాని ఒడ్డునే వెలిశాయి. దానికి తోడు, పూర్వం ధాన్యమూ మనుషులూ ఈ కాలువల్లో పడవల మీదే ప్రయాణించేవి. గాలి అనుకూలించనప్పుడు పడవవాళ్లు ఒడ్డున నడుస్తూ తాడు కట్టి పడవను లాగేవారు. అలా లాగాలంటే నీటి పక్కనే ఎడతెగని బాట ఉండాలి. మీరు తొక్కబోయేది చాలా చోట్ల ఆ బాటే. ఇప్పుడు తారో సిమెంటో పరిచి ఉంటుంది, చెట్ల నీడ ఉంటుంది, లారీలు దాదాపు ఉండవు.

మురుగు కాలువ గట్టు దీనికి పూర్తిగా వేరు. తుమ్మ ముళ్లు, జిగట మట్టి, ఉన్నట్టుండి ఆగిపోయే దారి. ఫోనులోని పటం ఈ రెండింటికీ తేడా చూపదు, రెండూ నీలిగీతలే. తెలుసుకునేదెలా అంటే, నీరు పక్క పొలాల కన్నా ఎత్తున పారుతుంటే అది పంట కాలువ, లోతుగా గుంటలో పారుతుంటే మురుగు కాలువ. అనుమానం వస్తే ఎవరినైనా అడగండి, చిన్నపిల్లలు కూడా చెబుతారు. పొలాల మధ్య పుంతలు, అంటే మట్టి బాటలు, కూడా మీకు ఆకర్షణీయంగా కనిపిస్తాయి. ఎండు రోజుల్లో ఫరవాలేదు గానీ, దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీరు పెట్టే రోజుల్లో పుంతలోకి దిగితే చక్రాలకు మట్టి పేరుకుని సైకిలును మోసుకురావాల్సి వస్తుంది. ఇక ఏటిగట్టు అంటే వరద అడ్డుకట్ట. ఎత్తు మీద నుంచి ఒక పక్క నదీ, దాని నడుమ దీవుల్లాంటి లంకలూ, ఇంకో పక్క ఊరూ కనిపిస్తాయి. పొద్దున్నే తొక్కడానికి అంత మంచి దారి లేదు. నీడ తక్కువ కాబట్టి మధ్యాహ్నం వద్దు.

కాలువలతో ఇంకో ఉపయోగం ఉంది. దారి తప్పామనిపిస్తే నీటి వంక చూడండి. నీటి మీద తేలే గుర్రపుడెక్క ఆకు ఒకటి ఎటు కొట్టుకుపోతుందో సముద్రం అటే. ఎదురు వెళ్తే ధవళేశ్వరం. ఈ ప్రాంతంలో నేను ఎన్నడూ దిక్సూచి వాడలేదు.

మీ నాలుగు రోజులూ ఇలా వేసుకోండి. దూరాలన్నీ సుమారు లెక్కలే.

మొదటి రోజు రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం. అక్కడి కాటన్ మ్యూజియంలో రైలు దిగిన రోజే ఒక గంట గడపండి, మిగతా మూడు రోజులూ చూడబోయేదంతా అర్థమవుతుంది. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, వాటి నడుమ లంకలు. బ్యారేజీ మీది రోడ్డు ఇరుకు, వాహనాలు బాగానే తిరుగుతాయి. ఉదయం ఏడులోపు దాటేయండి. తూర్పు డెల్టాకు నీరు ధవళేశ్వరం దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర తీస్తారు. మీకు కావలసింది బొబ్బర్లంక. అక్కడ మధ్య డెల్టా ప్రధాన కాలువ పక్కన చేరితే ఆత్రేయపురం మీదుగా లొల్ల దాకా నీరు మీ పక్కనే నడుస్తుంది.

ఆత్రేయపురంలో పూతరేకులు తినండి, తయారీ కూడా చూడండి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచని బియ్యపు జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే రేకు తేలుతుంది. ఇళ్లల్లోనే చేస్తారు, మర్యాదగా అడిగితే కాదనరు. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సైకిలు సంచిలో పెట్టుకుని నాలుగు రోజులు మోస్తే పొడే మిగులుతుంది, అక్కడే తినడం మేలు.

లొల్ల లాకుల దగ్గర తొందరపడకండి. ప్రధాన కాలువ ఇక్కడినుంచి పాయలై కోనసీమ అంతటికీ పోతుంది. లాకు అంటే రెండు తలుపుల మధ్య ఒక నీటి గది. పడవ లోపలికి రాగానే ఒక తలుపు మూసి, నీటిమట్టం పెంచో తగ్గించో రెండో తలుపు తెరిచేవారు. ఎగువ నీటికీ దిగువ నీటికీ ఉన్న తేడాను ఇక్కడ కళ్లారా చూడవచ్చు. చదునని మనం అనుకునే నేల ఎక్కడ ఎంత దిగుతోందో తెలిసేది లాకుల దగ్గరే. పెద్ద చెట్ల నీడ ఉంది, మధ్యాహ్న భోజనం కట్టుకెళ్లి తినడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. ఎంత చల్లగా కనిపించినా లాకుల దగ్గర, తూముల దగ్గర మాత్రం నీళ్లలోకి దిగవద్దు. పైన నిదానంగా ఉన్న నీరు అడుగున బలంగా లాగుతుంది. సాయంత్రం ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని చూసుకుని, ముందువైపు విష్ణువు, వెనకవైపు మోహిని ఉన్న ఆ ఒక్క శిల చుట్టూ తీరిగ్గా తిరిగి, రావులపాలెం చేరండి. అది అరటి వ్యాపారానికి పెద్ద ఊరు, లాడ్జీలు ఉన్నాయి. మొత్తం 35 కిలోమీటర్లు.

రెండో రోజు కొత్తపేట, పలివెల, ముక్కామల, అంబాజీపేట, అమలాపురం. ఇదీ అంతే దూరం. దారి పొడుగునా కొబ్బరితోటలు, వాటి కింద అరటి, కోకో, కంద. కొబ్బరి వ్యాపారానికి అంబాజీపేట కేంద్రం. కాయలు ఒలిచేవారిని చూడండి. నేలలో పాతిన ఇనుప గునపానికి కాయను గుచ్చి రెండు మూడు తిప్పుల్లో పీచంతా ఊడదీస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త, కాపు మీదున్న కొబ్బరిచెట్టు కింద ఎప్పుడూ కూర్చోకండి, సైకిలు కూడా ఆనించకండి.

మూడో రోజు అమలాపురం నుంచి అంబాజీపేట దాకా వెనక్కి వచ్చి పి.గన్నవరం మళ్లాలి. వచ్చిన దారినే వెనక్కి వెళ్లడం ఎందుకని మీకు అనిపించవచ్చు. బోడసకుర్రు వంతెన మీదుగా రాజోలుకు దగ్గరి దారి ఉన్న మాట నిజమే, కానీ అది రహదారి. పైగా గన్నవరం అక్విడక్టు చూడకుండా కోనసీమ చూశామనుకోవడం నాకు ఇష్టం లేదు. వైనతేయ నది మీద 49 కమానులు కట్టి, వాటి మీదుగా కాలువను అవతలి ఒడ్డుకు దాటించారు, అదీ 1850లలో. కింద నది సముద్రానికి పోతుంటే పైన కాలువ దానికి అడ్డంగా పొలాలకు పోతుంటుంది. పాతదాని పక్కన 2000లో వచ్చిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 1841 నుంచి 1909 దాకా జీవించిన ఆమె ఈ మండలంలోనే ఉన్న లంకల గన్నవరంలో, ఏ వేళ ఎవరు వచ్చినా అన్నం పెట్టిన తల్లి. ఏరు దాటి వచ్చే బాటసారులకు ఆమె ఇల్లే దిక్కయ్యేది. నదికి అడ్డంగా నీరు నడిచే ఆ కట్టడానికి ఆ పేరు ఎంతో తగినదని ప్రతిసారీ అనుకుంటాను. అక్కడినుంచి తాటిపాక, రాజోలు. బస రాజోలులో. మొత్తం 35కు కాస్త పైన.

నాలుగో రోజు తెల్లవారుతూనే బయలుదేరి మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. ఇక్కడినుంచి నేల రంగు మారుతుంది. తోటలు పలచబడి రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు, ఇసుక కనిపిస్తాయి. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, వసిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లండి. ఇసుకలో సైకిలు తొక్కకండి, చైనులోకి ఇసుక దూరితే దారంతా అరుస్తుంది. గుడి దగ్గర తాళం వేసి నడిచిపోండి. తిరిగి సఖినేటిపల్లి రేవుకు వచ్చి, ఏరు దాటించే పంటు ఎక్కితే అవతలి ఒడ్డే నరసాపురం. మోటారు వాహనాలతో పాటు సైకిళ్లనూ ఎక్కించుకుంటారు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బల్ల జారుతుంది, సైకిలు దిగి నడిపించండి. ఏటికి వరద ఉన్నా గాలి ఎక్కువున్నా పంటు ఆపేస్తారు కాబట్టి ముందురోజు రాజోలులోనే వాకబు చేయండి. ఆగిపోతే చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చేరి అక్కడినుంచి నరసాపురం రావచ్చు. అది రహదారే గానీ తప్పదు. నరసాపురంలో ఆడవాళ్లు ఇళ్ల దగ్గర కూర్చుని అల్లే లేసు ప్రసిద్ధం. మీ అమ్మాయికి చేతిపనుల మీద ఇష్టముంటే అందుకు ఒక పూట కేటాయించండి.

సైకిలు గురించి. చదును నేలకు గేర్లు అవసరం లేదు. ఎదురుగాలిలో ఒకటి రెండు ఉంటే సుఖమే, అంతకుమించి పని ఉండదు. నేను తొక్కేది పెద్ద చక్రాలు, మడ్‌గార్డులు, గట్టి క్యారేజీ ఉన్న మామూలు సైకిలు. ఇంట్లో గేర్ల సైకిలు ఉంటే అదే తెచ్చుకోండి, టైరు మరీ సన్నం కాకుండా 35 మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటే చాలు. గాలి రాయిలా బిగించకండి, గట్టు మీద గతుకులన్నీ మణికట్టుకు తగులుతాయి. ట్యూబు వాల్వు సంగతి మాత్రం శ్రద్ధగా చూడండి. ఖరీదైన సైకిళ్లకు వచ్చే సన్నటి వాల్వుకు ఇక్కడి పల్లెల్లో ఎవరి దగ్గరా పంపు సరిపోదు. మోటారుసైకిలు తరహా వాల్వు ఉంటే ప్రతి ఊళ్లోనూ గాలి పట్టుకోవచ్చు. ఒక్కొక్కరికి ఒక అదనపు ట్యూబు, అతుకుల సామాను, చిన్న పంపు, చైనుకు నూనె తెచ్చుకోండి. బరువును భుజాన వేసుకోవద్దు, క్యారేజీకి రెండు పక్కలా సంచులు వేలాడదీయండి. మనిషికి ఆరేడు కిలోలు దాటితే ఏదో అక్కరలేనిది పెట్టుకున్నారన్నమాటే.

క్షేమం గురించి అడిగారు. మనుషుల వల్ల భయం లేదు. ప్రతి మలుపులో ఎవరో ఒకరు "ఏ ఊరండీ? ఎందాకా అండీ?" అని అడుగుతారు. విసుక్కోకుండా ఆగి చెప్పండి, కొబ్బరిబోండాం చేతికొస్తుంది, ముందు దారి ఎలా ఉందో కూడా తెలుస్తుంది. అసలు భయం రెండింటితో, చీకటి, మంచు. కాలువ గట్టుకు చాలా చోట్ల రక్షణ గోడ ఉండదు, చిన్న వంతెనలకు పిట్టగోడలు కూడా ఉండవు. పొద్దుగూకాక గట్టు మీద తొక్కనే వద్దు. మీరు వచ్చే రోజుల్లో తెల్లవారుజామున మంచు దట్టంగా పట్టి పది గజాల ముందు ఏముందో కనిపించదు. అది విడిచేదాకా టీ కొట్టు దగ్గర కూర్చోండి, ముందూ వెనకా దీపాలు తప్పనిసరి. సాయంత్రం చేల పక్కన చిన్న పురుగులు కళ్లలో పడతాయి, రంగులేని కళ్లద్దాలు ఉంచుకోండి. కుక్క వెంటపడితే వేగం పెంచకండి, దిగి సైకిలును అడ్డుపెట్టుకుని నిలబడితే అదే పోతుంది. మీ అమ్మాయి సౌకర్యం కోసం మరుగుదొడ్లున్న పెద్ద గుళ్లు, పెట్రోలు బంకులు ఎక్కడెక్కడున్నాయో ముందుగానే గుర్తుపెట్టుకోండి, గట్టు మీద ఆ వసతి ఉండదు.

డిసెంబరు చివర అంటే సార్వా, అంటే మొదటి పంట, కోతలు ముగిసి దాళ్వా పనులు మొదలయ్యే కాలం. రోడ్డు మీద ఇంకా అక్కడక్కడ ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఎంత ఇరుకైనా దాని మీదనుంచి తొక్కుకుపోకండి, దిగి పక్కనుంచి నడిపించండి. అది ఒక కుటుంబం ఆరు నెలల కష్టం. నీళ్లు పెట్టిన పొలాన్ని దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్లు రోడ్డు మీద రాల్చిన తడిమట్టి మీద సైకిలు సబ్బు మీద జారినట్టు జారుతుంది, అక్కడ బ్రేకు నొక్కకుండా తిన్నగా పోనివ్వండి. తేదీలు మార్చుకోగలిగితే సంక్రాంతికి రండి అంటాను. కనుమనాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలను, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తయిన చట్రాలను, భుజాల మీద మోసుకుంటూ, చేలకూ కాలువకూ అడ్డంపడి తీసుకొస్తారు. ఆ రోజు ఏ వాహనమూ కదలదు గానీ సైకిలును చేను పక్కన పడుకోబెట్టి జనంలో కలిసిపోవచ్చు. ఆ వారం లాడ్జీల్లో గది దొరకడం కష్టం, బాగా ముందుగా చెప్పుకోవాలి. ఏప్రిల్ చివరినుంచి మాత్రం రావద్దు. ఎండలకు తోడు మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, నీరు లేని గట్టు వెంట తొక్కాల్సి వస్తుంది.

తిరుగు ప్రయాణానికి నరసాపురం స్టేషనులో సైకిళ్లను పార్సిలుగా బుక్ చేయాలి. బండికి కనీసం రెండు గంటల ముందు వెళ్లండి. టైర్లలో గాలి కొంచెం తగ్గించి, హ్యాండిలును అడ్డంగా తిప్పి కట్టి, పేరూ ఫోను నంబరూ రాసిన అట్ట ఒకటి ఫ్రేముకు, ఇంకొకటి క్యారేజీకి కట్టండి. దీపాలు, పంపు, సంచులు విప్పి మీతోనే ఉంచుకోండి. రాజమహేంద్రవరంలో దిగేటప్పుడు కూడా ఇదే పద్ధతి కాబట్టి, ఆ రోజు యాత్ర మొదలుపెట్టకుండా సైకిళ్లు విడిపించుకుని, గాలి నింపి, బ్రేకులు సరిచూసుకుని, రాత్రికి ఊళ్లోనే ఉండి మర్నాడు తెల్లవారి బయలుదేరండి.